కొత్త టెక్నాలజీతో ఉత్పాదకత పెరిగితే సమ్మిళిత, హరిత వృద్ధి దానంతటదే వస్తుందా?

ప్రశ్న:
ఆవిష్కరణల వల్ల ఉత్పాదకత పెరిగితే అందరికీ వాటా దక్కుతుంది, కాలుష్యమూ తగ్గుతుంది అంటారు. దీన్ని అంకెల్లో పరీక్షించాలి. ఉత్పత్తి, మూలధనం, శ్రమ, ఉద్గారాలు, వేతనాలు: పదిహేనేళ్ల డేటా ఉంది. మొత్తం కారకాల ఉత్పాదకత (మూలధనం, శ్రమ పెరగడం వల్ల వచ్చింది పోగా మిగిలే ఉత్పత్తి పెరుగుదల) లెక్కగట్టి జీడీపీ వృద్ధితో పోలిస్తే చాలా?

జవాబు 1:
చాలదండీ. ఆ ఉత్పాదకతను తీసేదే జీడీపీ వృద్ధిలోంచి, కాబట్టి రెండూ కలిసే కదులుతాయి. ఆర్థికవేత్త రాబర్ట్ సోలో 1957లో చూపిన పద్ధతే తీసుకోండి. ఉత్పత్తి 5 శాతం, మూలధనం 6, శ్రమ 1 శాతం పెరిగాయి, ఆదాయంలో శ్రమ వాటా 0.6, మిగతా 0.4 మూలధనానిది అనుకుందాం. 5లోంచి మూలధనం తాలూకు 2.4, శ్రమ తాలూకు 0.6 తీసేస్తే మిగిలే 2 శాతమే ఉత్పాదకత. ఇందులో పొగ ఊసే లేదు. ఫిల్టర్లు పీకేసి ఖర్చు తగ్గించుకున్న ఫ్యాక్టరీ కూడా మెరుగైనట్టే కనిపిస్తుంది!

ఉద్గారాలను చెడు ఉత్పత్తిగా లెక్కలోకి తెచ్చే మాల్మ్‌క్విస్ట్-లూయెన్‌బర్గర్ సూచీ వాడండి. 1 దాటితే మెరుగు. ఆ సూచీని అక్కడితో వదిలేయకుండా రెండుగా విడగొట్టాలి: సరిహద్దే (ఉన్న వనరులతో సాధ్యమయ్యే అత్యుత్తమ పనితీరు) ముందుకు జరగడం సాంకేతిక మార్పు, వెనకబడ్డవాళ్లు ఆ సరిహద్దును అందుకోవడం సామర్థ్య మార్పు. మొదటిది 1 పైన, రెండోది 1 కింద ఏళ్ల తరబడి ఉంటే కొత్తదనం కొద్దిమంది దగ్గరే ఆగిపోయిందన్నమాట. మీ ప్రశ్నకు ఆయువుపట్టు ఇదే.

ఒక చిక్కుంది. ఒక ఏడాది యూనిట్‌ను (మీరు పోల్చే సంస్థ లేదా ప్రాంతాన్ని) మరో ఏడాది సరిహద్దుతో పోల్చేటప్పుడు కొన్నింటికి పరిష్కారమే దొరకదు. వాటిని తీసిపారేస్తే ఫలితం వంకరపోతుంది. అన్ని ఏళ్ల డేటాకూ కలిపి ఒకే సరిహద్దు గీసే గ్లోబల్ రూపానికి మారండి.

జవాబు 2:
ఉద్గారాల తీవ్రత, అంటే ఒక్కో యూనిట్ ఉత్పత్తికి వెలువడే ఉద్గారాలు, వేరు, మొత్తం ఉద్గారాలు వేరు. తీవ్రత ఏటా 3 శాతం తగ్గినా ఉత్పత్తి 5 శాతం పెరిగితే 1.05 × 0.97 = 1.0185, అంటే పొగ 1.85 శాతం పెరిగినట్టే. బొగ్గును పొదుపుగా వాడే ఆవిరి యంత్రాలు వచ్చాక బొగ్గు వాడకం ఇంకా పెరిగిందని ఆర్థికవేత్త జెవన్స్ 1865లోనే గమనించాడు. 60 వాట్ల పాత బల్బు వెలుగును ఎల్ఈడీ 9 వాట్లకే ఇస్తుంది, నిజమే. చవకే కదా అని ఏడు వెలిగిస్తే 63 వాట్లు. అందుకని రెండు కొలతలూ పక్కపక్కనే పెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
అర్థమైందండీ. మరి అందరికీ వాటా దక్కిందో లేదో ఎలా చూడాలి? ఆవిష్కరణకు పేటెంట్ల సంఖ్య తీసుకోవచ్చా?

జవాబు 3:
శ్రమ వాటాతో, అంటే మొత్తం ఆదాయంలో వేతనాలకు వెళ్లే భాగంతో, మొదలుపెట్టండి. శ్రమ ఉత్పాదకత 4 శాతం, సగటు నిజ వేతనం 1 శాతం పెరిగితే 60 శాతం ఉన్న వాటా ఒక్క ఏడాదిలో 58.3కి దిగుతుంది. ఉత్పత్తికీ వేతనానికీ ఒకే ధరల సూచీ వాడాలి, లేకపోతే సూచీల మధ్య తేడా వాటా తగ్గుదలలా కనిపిస్తుంది. పైవాళ్ల జీతాలు సగటును లాగేస్తాయి కాబట్టి మధ్యస్థ వేతనమూ (అందరినీ జీతం వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్నవారి వేతనం) చూడండి.

పేటెంట్లు ఒక్కటే అయితే వద్దు. వాడకంలోకి రానివీ ఆ సంఖ్యలో కలిసిపోతాయి. చిన్న సంస్థల్లో ఎన్ని ఆ పద్ధతిని అందుకున్నాయన్న లెక్క జతచేయండి. పరిశోధన ఖర్చును మాత్రం ఉత్పాదకత సూచీలోనూ, సమ్మిళిత, హరిత వృద్ధిని కొలిచే సూచీలోనూ పెట్టకండి. రెండు వైపులా అదే ఉంటే సంబంధం లేకపోయినా ఉన్నట్టే తేలుతుంది.