మూడు కిలోల పాపకు వీనస్ లైన్: 3/16 ఇంచా, 1/4 ఇంచా?

పంప్‌సైడ్_హైద్: గుండె ఆపరేషన్‌లో పాప రక్తాన్ని హార్ట్-లంగ్ మిషన్‌లోకి దింపే ట్యూబు (వీనస్ లైన్) సంగతి. ఫుల్ ఫ్లో, అంటే మిషన్ తిప్పే రక్తం, నిమిషానికి 450 మి.లీ. అనుకోండి. మా దగ్గర ఎప్పటినుంచో 1/4. ఈసారి ట్యూబుల ప్యాక్ ఆర్డర్‌లో 3/16 రాద్దామంటే సీనియర్లు ఒప్పుకోవట్లేదు. మీరేం వాడుతున్నారు?

పాతపంపు: 1/4. ట్యూబు లోపలి వ్యాసం 6.35 మి.మీ. నుంచి 4.76కి తగ్గితే అదే పొడవుకి నిరోధం మూడింతలు దాటుతుంది. గ్రావిటీ మీద రక్తం సరిగా దిగదు, వాక్యూమ్ పెట్టి లాగాలి. పెట్టారా, ఎక్కడ చిన్న సందున్నా గాలి లాగేస్తుంది.

బంజారాపర్ఫ్: పాతపంపు గారూ, ఆ పాప ఒంట్లో రక్తమే సుమారు 250 మి.లీ. మీటరు 1/4 ట్యూబులో 32 మి.లీ. పడుతుంది, 3/16లో 18. ప్రైమ్ (ముందే ట్యూబుల్లో నింపే ద్రవం) తగ్గితే హిమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) అంత పడిపోదు, దాత రక్తమూ తక్కువ పడుతుంది. కాలేజీలకు సెలవులిచ్చాక ఓ నెగెటివ్ కోసం సిటీలో ఎంత తిరగాలో మీకు తెలియదా?

నిమ్మసోడా: మేం వాక్యూమ్‌ని మైనస్ 30 mmHg దాటనివ్వం. పంపు ఆపగానే రిజర్వాయర్ (రక్తం దిగే డబ్బా) వెంట్ తెరిచేస్తాం. ఏ గొడవా లేదు.

పాతపంపు: మీకు రాలేదు, నాకొచ్చింది. ఇదివరకు పనిచేసిన చోట వాక్యూమ్ రెగ్యులేటర్ ముల్లు మైనస్ 40 దగ్గర ఇరుక్కుపోయింది, లోపల ఇంకా గట్టిగా లాగుతోంది. వీనస్ లైన్‌లో పూసలు గుచ్చినట్టు బుడగలు. పాపకేం కాలేదు, దేవుడి దయ. రిపోర్టులో మాత్రం నా పేరే. ఆ రెగ్యులేటర్ మార్చమని ఎన్నాళ్లుగా మొత్తుకున్నానో ఎవరూ రాయలేదు.

బంజారాపర్ఫ్: అది రెగ్యులేటర్ తప్పు. ట్యూబునెందుకు తిడతారు?

పాతపంపు: కొత్త మిషన్ ముందు కూర్చుని చెప్పడం తేలికే మేడమ్.

బంజారాపర్ఫ్: కొత్త మిషనా! ఒకసారి వచ్చి చూడండి.

ఉప్పల్_రింగ్: పాప సిరలో పెట్టే గొట్టం (కాన్యులా) సన్నగా ఉంటే 3/8 పెట్టినా దిగదు. అదెవరూ అడగరేం?

పాతపంపు: సరే మేడమ్, మీ వీనస్ లైన్ పొడవెంత?

బంజారాపర్ఫ్: మీటరున్నర.

పాతపంపు: మీటరున్నర 3/16 అంటే 27 మి.లీ. మీటరు 1/4 అంటే 32. ఐదు మి.లీ. కోసమా ఈ వాక్యూమ్? పంపు కన్సోల్‌ని ఆపరేషన్ టేబుల్ దగ్గరికి జరపండి, మీటరు చాలు.

బంజారాపర్ఫ్: జరపనిస్తే మీటరు 3/16 వేసి 18తో సరిపెడతాను. అడిగితే 'అసిస్టెంట్ ఎక్కడ నిలబడాలి' అన్నారు మా సర్జన్. ట్యూబు సైజైతే నేనే రాసుకోవచ్చు, పంపు జరపాలంటే ఆయన ఒప్పుకోవాలి.

పాతపంపు: ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా! సర్జన్‌తో మాట్లాడలేక పాప మీద వాక్యూమ్ పెడుతున్నారన్నమాట.

బంజారాపర్ఫ్: మీరు రిపోర్టుకి భయపడి పాపకి ఇంకో యూనిట్ రక్తం ఎక్కించట్లేదా?

నిమ్మసోడా: అయ్యయ్యో, ఇద్దరూ కాస్త ఆగండి.

పంప్‌సైడ్_హైద్: సోమవారం లోపు ఆర్డర్ పంపాలి. ఏం రాయను?

పాతపంపు: ముందు పొడవు రాయి తమ్ముడూ. ఒక్క మీటరు.

బంజారాపర్ఫ్: పొడవు రాసేముందు మీ సర్జన్‌ని అడుగు.