అప్‌డేట్: క్లిక్‌లిజనర్ పేరు మార్చేశాం, పాత కోడ్ నడుస్తోంది

మా జావా విడ్జెట్ (బటన్ల లాంటి తెరమీది భాగాలు) లైబ్రరీలో క్లిక్‌లిజనర్ అనే ఇంటర్‌ఫేస్ (నొక్కినప్పుడు ఏ మెథడ్ నడవాలో చెప్పే నిర్వచనం) కీబోర్డుకీ టచ్‌కీ కూడా పనిచేస్తుంది కాబట్టి దాన్ని యాక్టివేషన్‌లిజనర్‌గా మార్చడమెలా అని అడిగాను కదా. పని అయిపోయింది.

మీరు చెప్పినట్టే పాత ఇంటర్‌ఫేస్‌ని తీసేయకుండా, అది కొత్తదాన్ని ఎక్స్‌టెండ్ చేసేలా (దాని ఉపరకంగా) పెట్టాం. కొత్త ఆన్‌యాక్టివేట్‌కి పాత ఇంటర్‌ఫేస్‌లోనే డిఫాల్ట్ మెథడ్ (ముందే రాసిపెట్టిన కోడ్) రాసి, పాత ఆన్‌క్లిక్‌ని పిలిచాం. పాత లాంబ్డాలు (లిజనర్‌గా నేరుగా ఇచ్చిన చిన్న ఫంక్షన్లు) కూడా యథాతథంగా కంపైలవుతున్నాయి.

అసలు చిక్కు లిజనర్‌ని విడ్జెట్‌కి తగిలించే యాడ్‌క్లిక్‌లిజనర్ మెథడ్ దగ్గర వచ్చింది. దాని పారామీటర్ టైప్ మారిస్తే సోర్స్ కంపైలవుతుంది గానీ, ఇదివరకే కంపైలైన జార్‌లు (జావా ప్రోగ్రామ్ ఫైళ్లు) ఆ మెథడ్ దొరకలేదనే నోసచ్‌మెథడ్‌ఎర్రర్‌తో ఆగిపోతాయి. అందుకే పాత సిగ్నేచర్‌ని (మెథడ్ పేరు, పారామీటర్ టైప్‌లు) డెప్రికేటెడ్‌గా, అంటే ఇకపై వాడొద్దనే గుర్తుతో ఉంచాం. ఇలాంటి జాగ్రత్తే జావా పాత విడ్జెట్ లైబ్రరీ ఏడబ్ల్యూటీలోనూ ఉంది: ఒక భాగాన్ని చూపే, దాచే సెట్‌విజిబుల్ ఈనాటికీ లోపల పాత షో, హైడ్‌లనే పిలుస్తుంది, వాటిని ఓవర్‌రైడ్ చేసినవాళ్ల (తమ సొంత కోడ్‌తో మార్చి రాసుకున్నవాళ్ల) కోడ్ చెడకూడదని. ఆ శ్రద్ధ నాకు చాలా నచ్చింది.

సలహా ఇచ్చిన అందరికీ ధన్యవాదాలు.