నీళ్లలో ఉండగానే ఆగిపోయిన మెకానికల్ డైవ్ వాచ్: దాని స్థానంలో మళ్లీ మెకానికలే కొనాలా?

భీమిలితీరం:
అందరికీ నమస్కారం. నేను రుషికొండలో డైవింగ్ నేర్చుకున్నాను, వీలు చిక్కినప్పుడల్లా అండమాన్ వెళ్తుంటాను. ఒక చేతికి డైవ్ కంప్యూటర్ (లోతు, సమయం చూసి కింద ఎంతసేపు ఉండొచ్చో లెక్కగట్టేది), ఇంకో చేతికి బ్యాకప్‌గా 200 మీటర్ల ఆటోమేటిక్, అంటే చేతి కదలికతోనే స్ప్రింగు చుట్టుకునే మెకానికల్ వాచ్ కట్టుకోవడం అలవాటు. ఈమధ్య షహీద్ ద్వీప్ దగ్గర, అంటే పాత నీల్ ద్వీపం దగ్గర, దిగేముందు ఎప్పటిలాగే బెజెల్ (డయల్ చుట్టూ తిరిగే నిమిషాల రింగు) తిప్పి దాని మీది గుర్తును నిమిషాల ముల్లుకు ఎదురుగా పెట్టాను. కింద ఒకసారి రెండూ పోల్చి చూస్తే కంప్యూటర్ అరగంట దాటిందంటోంది, వాచ్ ఇంకా పది నిమిషాల దగ్గరే ఉంది. సెకన్ల ముల్లు కదలడం లేదు. అద్దం లోపల తేమ లేదు. వాచ్ ఎక్కడా దేనికీ తగల్లేదు. పైకి వచ్చాక ఎంత ఊపినా కదలలేదు.

విశాఖ వచ్చాక మూత తీయిస్తే మెయిన్‌స్ప్రింగ్ విరిగిందని తేలింది. మిగతా మెషిన్ అంతా శుభ్రంగా ఉందట. పోయిన ఏడాదే పూర్తి సర్వీసింగ్ చేయించి, రబ్బరు రింగులు మార్పించి, ప్రెషర్ టెస్ట్ కూడా చేయించిన వాచ్ ఇది. టైము కూడా సరిగ్గా చూపించేది. ముందుగా ఒక్క సూచన కూడా ఇవ్వకుండా ఆగిపోవడమే నన్ను బాగా బాధపెట్టింది. కంపెనీ పేరు రాయడం లేదు, ఇది ఒక కంపెనీకి సంబంధించిన ప్రశ్న కాదు కాబట్టి.

దీన్ని రిపేరు చేయించి మళ్లీ నీళ్లలోకి తీసుకెళ్లాలా? కొత్త మెకానికల్ కొనాలా? లేక సోలార్ క్వార్ట్జ్‌కు, అంటే వెలుతురుతో ఛార్జ్ అయ్యే బ్యాటరీ వాచ్‌కు మారిపోవాలా? నాకు మెకానికల్ వాచ్ అంటే ప్రాణం. అందుకే నా ఇష్టాన్ని పక్కనపెట్టి, ఉన్నదున్నట్టు చెప్పేవాళ్ల మాట కావాలి.

పాతస్ప్రింగు:
రిపేరు చేయించండి, మళ్లీ దాన్నే కట్టుకోండి. మెయిన్‌స్ప్రింగ్ అంటే బ్యారెల్ అనే చిన్న గుండ్రటి డబ్బాలో చుట్టి ఉండే సన్నటి లోహపు పట్టీ. వాచ్‌ను నడిపేది అదే. అది రోజూ చుట్టుకుంటూ, విచ్చుకుంటూ ఉంటుంది. ఎప్పుడో ఒకప్పుడు లోహం అలిసిపోయి లోపలి కొస దగ్గరో, బయటి కొస దగ్గరో తెగుతుంది. పాతకాలపు కార్బన్ స్టీల్ స్ప్రింగులు తరచూ విరిగేవి. తర్వాత మిశ్రలోహాలు వచ్చాక ఇది అరుదైపోయింది. ఆ అరుదైనది మీకు జరిగింది. గేర్లు, బ్యాలెన్స్ బాగానే ఉన్నాయి కదా, ఒక్క స్ప్రింగు వేస్తే ఏళ్ల తరబడి నడుస్తుంది.

మన ఇళ్లలో తాతల నాటి హెచ్ఎంటీ వాచ్‌లు ఇంకా ఉన్నాయి. 1961లో సిటిజన్ సహకారంతో బెంగళూరులో మొదలైన ఆ వాచ్‌ల తయారీని మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది. కంపెనీ లేకపోయినా పొద్దున్నే కీ ఇస్తే ఆ వాచ్‌లు ఇవాళ్టికీ నడుస్తున్నాయి. విప్పి బాగుచేయగల యంత్రం కాబట్టే అది సాధ్యమైంది. క్వార్ట్జ్ వాచ్‌లో సర్క్యూట్ పోయి, ఆ మోడల్ తయారీ కూడా ఆగిపోయి ఉంటే దాన్ని ఎవరు బాగుచేస్తారు?

మెషిన్ మొత్తం పాడైనా దారి ఉంటుంది. 1996లో వచ్చిన సీకో ఎస్‌కేఎక్స్007నే తీసుకోండి. అందులోని 7ఎస్26 మెషిన్‌కు చేత్తో కీ ఇవ్వలేం, సెకన్ల ముల్లును ఆపి టైము కలపలేం. దాన్ని తీసి ఎన్‌హెచ్36 అనే మెషిన్ ఎక్కిస్తే రెండూ కుదురుతాయి. కీ నాలుగింటి దగ్గర ఉంటుంది కాబట్టి తేదీ, వారం చక్రాలు దానికి తగ్గవి వేసుకోవాలి, అంతే. ఇష్టమైన వాచ్‌ను ఒక్క ముక్క విరిగిందని వదిలేయొద్దు.

నీలికెరటం:
నేను అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లో (పాత హేవ్‌లాక్) డైవింగ్ నేర్పుతాను. వాచ్ గురించి పాతస్ప్రింగు గారు చెప్పిందంతా నిజమే. కానీ భీమిలితీరం గారి ప్రశ్న వాచ్ బాగుపడుతుందా అని కాదు, నీళ్లలో దాన్ని నమ్ముకోవచ్చా అని. నా జవాబు: నమ్ముకోవద్దు.

1953 ప్రాంతంలో బ్లాంక్‌పాన్ ఫిఫ్టీ ఫాథమ్స్, రోలెక్స్ సబ్‌మెరైనర్ అనే డైవ్ వాచ్‌లు పుట్టినప్పుడు డైవర్‌కు లోతు చూపే మీటరు, డైవ్ టేబుల్, వాచ్ తప్ప ఇంకేమీ లేవు. ఎంత లోతులో ఎంతసేపు ఉండొచ్చో టేబుల్ చెబుతుంది. డైవింగ్ శిక్షణ సంస్థ పాడీ టేబుల్ ప్రకారమైతే 18 మీటర్ల దగ్గర 56 నిమిషాలు. ఆ నిమిషాలు లెక్కపెట్టేది వాచే. అది ఆగితే లెక్క మొత్తం పోయినట్టే. 1983లో ఓర్కా ఎడ్జ్ అనే డైవ్ కంప్యూటర్ వచ్చింది, ఆ తర్వాత ఒక్కొక్కటిగా కంప్యూటర్లు వచ్చి ఆ పని తీసేసుకున్నాయి. ఇప్పుడు వాచ్‌కు మిగిలింది కంప్యూటర్ చచ్చిపోయిన ఆ కొద్ది నిమిషాలే. అప్పుడు డైవ్ ఆపేసి నెమ్మదిగా పైకి రావాలి, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగాలి. ఆ ఒక్కసారి వాచ్ తప్పకుండా నడవాలి. మిగతా రోజులన్నీ ఎంత బాగా నడిచినా బ్యాకప్‌గా దానికి మార్కులు పడేది ఆ ఒక్కసారికే.

డైవర్స్ వాచ్‌లకు ఐఎస్ఓ 6425 అనే ప్రమాణం ఉంది. చీకట్లో 25 సెంటీమీటర్ల దూరం నుంచి టైము కనబడాలని అది చెబుతుంది. దాంతోపాటు వాచ్ నడుస్తోందో లేదో కూడా చీకట్లో తెలియాలంటుంది. సెకన్ల ముల్లు మీద మెరిసే చుక్క ఉండేది అందుకే. బ్యాటరీ వాచ్ అయితే బ్యాటరీ అయిపోవస్తోందని ముందుగానే చూపించాలి. అంటే నీళ్లలో వాచ్ ఆగిపోవచ్చని ఆ ప్రమాణం రాసినవాళ్లు ముందే ఆలోచించారు. సిటిజన్ వాళ్ల సోలార్ వాచ్‌లైన ఎకో-డ్రైవ్‌లలో ఛార్జ్ తగ్గితే సెకన్ల ముల్లు రెండేసి సెకన్లు గెంతడం మొదలుపెడుతుంది. పడవ మీద ఉండగానే మీ కంటపడుతుంది. వాటిలో ప్రోమాస్టర్ డైవర్ ఒకసారి నిండా ఛార్జ్ అయితే వెలుతురు లేకపోయినా దాదాపు ఆరు నెలలు నడుస్తుంది. విరగబోయే మెయిన్‌స్ప్రింగ్ మీకు ఏ సూచన ఇచ్చింది? టైము సరిగ్గానే చూపిస్తూ ఆగిపోయిందని మీరే రాశారు.

పాతస్ప్రింగు:
క్వార్ట్జ్ హఠాత్తుగా ఆగదని ఎలా అంటారు? కాయిల్ తెగితే ఆ క్షణమే ఆగుతుంది, ఏ సూచనా రాదు. ఉప్పునీటి చుక్క లోపలికి వెళ్తే సర్క్యూట్ అక్కడికక్కడే పోతుంది. అదే చుక్క మెకానికల్‌లోకి వెళ్తే తుప్పు పట్టేలోపు విప్పించి శుభ్రం చేయిస్తే చాలాసార్లు దక్కుతుంది. రెండూ ఆగేవే అయినప్పుడు, తిరిగి లేచే దాన్ని ఎంచుకోవడం తప్పెలా అవుతుంది?

నీలికెరటం:
తిరిగి లేచేది ఒడ్డుకు వచ్చాక కదండీ. నేను మాట్లాడేది కింద ఉన్నప్పటి గురించి. క్వార్ట్జ్‌లో కాయిల్ తెగడం ఉందని ఒప్పుకుంటాను. కానీ మెకానికల్ మెషిన్‌లో మెయిన్‌స్ప్రింగ్, గేర్లు, పాలెట్ ఫోర్క్, హెయిర్‌స్ప్రింగ్, రోటర్ ఒకదాని మీద ఒకటి ఆధారపడి కదులుతుంటాయి. పడవ నిచ్చెన ఎక్కేటప్పుడు, సిలిండర్లు మోసేటప్పుడు తగిలే దెబ్బలన్నీ వాటికే. నా దగ్గరికి వచ్చేవాళ్లకు ఖరీదు తక్కువలో కావాలంటే కాసియో డూరో చెబుతాను. దానికి ఐఎస్ఓ ముద్ర లేదు, కానీ 200 మీటర్లది, నీళ్లు దూరకుండా తిప్పి బిగించే కీ ఉంది. 3 నిమిషాలు లెక్కపెట్టడానికి అది చాలు.

జంటమీటర్లు:
మీరిద్దరూ వాచ్ దగ్గరే ఆగిపోయారు. బ్యాకప్ అంటే రెండో కంప్యూటర్. మొదటిది పోతే వాచ్‌తో పైకి వస్తారు, సరే. ఆ తర్వాత? కింద పీల్చిన గాలి నుంచి ఒంట్లో చేరిన నైట్రోజన్ ఎంత మిగిలిందో వాచ్‌కు తెలియదు. అద్దెకు కొత్త కంప్యూటర్ తెచ్చుకున్నా దానికీ తెలియదు. కాబట్టి మిగతా డైవ్‌లు మానేసి ఒక రోజంతా ఒడ్డున ఉండాలి. రెండు కంప్యూటర్లూ మొదటి నుంచీ చేతికే ఉంటే రెండోది అదే లెక్క కొనసాగిస్తుంది. డబ్బు, ప్రయాణం, సెలవులు పెట్టి అండమాన్ దాకా వెళ్లేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. కొత్త మెకానికల్ డైవర్ కొనే డబ్బుతో మామూలు కంప్యూటర్ ఒకటి వచ్చేస్తుంది. మెకానికల్‌ను పెళ్లిళ్లకు కట్టుకోండి.

నీలికెరటం:
వరుసగా రోజుకు మూడు నాలుగు డైవ్‌లు చేసేవాళ్ల విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. సెలవుల్లో వచ్చి నాలుగు రోజులు దిగేవాళ్లకు సోలార్ వాచ్ సరిపోతుంది.

రబ్బరురింగు:
వాచ్‌లు బాగుచేయడం నా వృత్తి. మెషిన్ గురించి ఇంత వాదన జరుగుతోంది కానీ, నీళ్లను ఆపేది మెషిన్ కాదు. వెనక మూత కింద, కీ దగ్గర, అద్దం చుట్టూ ఉండే రింగులు. నేను చూసిన డైవ్ వాచ్‌లలో ఎక్కువ పాడైనవి వీటి వల్లే. రబ్బరు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడుతుంది, సాగే గుణం పోతుంది. లోపల స్ప్రింగు ఉన్నా, చిప్ ఉన్నా దానికి సంబంధం లేదు.

సోలార్‌లో దీనికి సంబంధించిన చిక్కు ఒకటి ఉంది. మామూలు బ్యాటరీ వాచ్‌ను రెండు మూడేళ్లకోసారి విప్పుతారు, మెకానికల్‌ను సర్వీసింగ్‌కు విప్పుతారు. అప్పుడైనా రింగులు చూస్తారు. సోలార్‌కు మూత తీయాల్సిన అవసరం చాలా అరుదు. దాంతో ఏళ్ల తరబడి అవే రింగులతో జనం సముద్రంలోకి దిగుతుంటారు. నీలికెరటం గారి సలహా తీసుకున్నవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. వాచ్ నడుస్తూనే ఉన్నా ప్రెషర్ టెస్ట్‌కు తీసుకెళ్లాలి.

భీమిలితీరం గారూ, మీ స్ప్రింగు కోసం మూత తీశారు కాబట్టి పోయిన ఏటి టెస్ట్ ఇప్పుడు పనికిరాదు. కొత్త రింగులు, వాటికి సిలికాన్ గ్రీజు, ఆపైన మళ్లీ టెస్ట్. ఐఎస్ఓ ప్రకారం డైవర్స్ వాచ్‌ను రాసినదానికంటే 25 శాతం ఎక్కువ ఒత్తిడిలో పరీక్షిస్తారు. 200 మీటర్లంటే 20 బార్ ఒత్తిడి, కాబట్టి పరీక్ష 25 బార్ దగ్గర. అంత ఒత్తిడి ఇచ్చే మెషిన్ అన్ని షాపుల్లో ఉండదు. చాలాచోట్ల ఉండేది గాలితో తక్కువ ఒత్తిడిలో చేసేది. ఎంత దాకా పరీక్షించారో అడిగి రాయించుకోండి. పరీక్షయ్యాక వాచ్‌ను 40 డిగ్రీల పైన కాస్త వేడిచేసి, అద్దం మీద చల్లటి నీటి చుక్క వేసి, ఒక నిమిషం తర్వాత తుడిచి చూస్తారు. లోపల మంచులా పట్టిందంటే తేమ ఉన్నట్టే. ఇది మీ కళ్లముందే చేయమనండి.

కొత్తది కొనేటప్పుడు ఇంకో జాగ్రత్త. ఎస్‌కేఎక్స్ పోలికలతో 2019లో సీకో 5 స్పోర్ట్స్ మోడళ్లు వచ్చాయి. చూడటానికి అచ్చం డైవ్ వాచ్‌లా ఉంటాయి, కానీ 100 మీటర్లవి, కీ బిగించేది కాదు. డయల్ మీద డైవర్స్ అన్న మాట ఉందో లేదో చూడండి. ఆ మాట లేనిదాన్ని డైవింగ్‌కు కొనొద్దు.

భీమిలితీరం:
అందరికీ ధన్యవాదాలు. జంటమీటర్లు గారి మాట బలమైనదే, కానీ నేను చేసే డైవ్‌లకు రెండో కంప్యూటర్ ఎక్కువ అనిపిస్తోంది. నన్ను ఒప్పించింది సెకన్ల ముల్లు గెంతే విషయం. వాచ్ ఆగొచ్చు, కానీ ఆగబోతున్నట్టు చెప్పే అవకాశం ఉన్నదే నీళ్లలో నాతో ఉండాలి. కాబట్టి సోలార్ కొంటున్నాను. పాతదాన్ని బాగుచేయిస్తాను, అమ్మను. ఒడ్డు మీద రోజూ అదే కట్టుకుంటాను. నీళ్లలో దాన్ని చూసుకోకపోవడం మాత్రం నాకు చాలా వెలితిగా ఉంటుంది.

పాతస్ప్రింగు:
కనీసం స్నార్కెలింగ్‌కైనా తీసుకెళ్లండి. నా అభిప్రాయం మారలేదు. బాగుచేసిన వాచ్ మళ్లీ నీళ్లలోకి దిగాలనే అంటాను.

రిపేరు షాపు నుంచి తెచ్చుకున్నాక ఒక పని చేయండి. రోజంతా చేతికి ఉంచి నిండా కీ ఎక్కనివ్వండి, తర్వాత బల్లమీద పెట్టేసి ఎన్ని గంటలకు ఆగుతుందో రాసుకోండి. ఈ తరహా మెషిన్లకు 40 గంటల దరిదాపుల్లో రావాలి. బాగా తక్కువ వస్తే బ్యారెల్ గోడకు పూసే గ్రీజు సరిగ్గా పడక స్ప్రింగు ముందే జారిపోతూ ఉండొచ్చు. అప్పుడు మొహమాటపడకుండా వెనక్కి ఇచ్చి మళ్లీ చేయించండి.