సంస్కృతికి విడిగా మంత్రిత్వ శాఖ అవసరమా? అసలది ఎప్పుడు పుట్టింది?

నల్లబల్ల
మా అమ్మాయి పోటీ పరీక్షలకు చదువుతోంది. కేంద్రంలో సంస్కృతి మంత్రిత్వ శాఖ ఏ సంవత్సరంలో ఏర్పడిందో చూడబోతే, దాని దగ్గరున్న రెండు గైడ్లలో ఒకటి 1985 అనీ, రెండోది 1999 అనీ చెబుతున్నాయి. ముప్ఫై ఏళ్లు సాంఘిక శాస్త్రం చెప్పినవాణ్ణే అయినా జవాబు చెప్పలేకపోయాను. నాకు ఇంకో సందేహం కూడా ఉంది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో విద్యామంత్రి మౌలానా ఆజాద్ చేతి కిందే అకాడమీలూ మ్యూజియములూ నడిచాయి కదా, మరి సంస్కృతిని విద్య నుంచి విడదీసినందువల్ల ఒరిగిందేమిటి? తెలిసినవారు చెప్పగలరు.

పాతదస్త్రం
మాష్టారికి నమస్కారం. ఆ రెండు గైడ్లూ తప్పే. ఆజాద్ 1958 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆ ఏప్రిల్‌లోనే ఆయన చూస్తూ వచ్చిన విద్య, శాస్త్ర పరిశోధన మంత్రిత్వ శాఖను రెండు చేసి, ఒకదానికి శాస్త్ర పరిశోధన, సాంస్కృతిక వ్యవహారాల మంత్రిత్వ శాఖ అని పేరు పెట్టి హుమాయూన్ కబీర్‌కు అప్పగించారు. సంస్కృతి అన్న మాట కేంద్రంలో ఒక మంత్రిత్వ శాఖ పేరులోకి ఎక్కింది అప్పుడే కాబట్టి పుట్టిన సంవత్సరం 1958. అయిదారేళ్లకు దాన్ని మళ్లీ విద్యలో కలిపేశారు. 1980 నాటికి విద్య, సంస్కృతి అన్న జంట పేరు కనబడుతుంది. 1985 సెప్టెంబరులో రాజీవ్ గాంధీ మానవ వనరుల అభివృద్ధి మంత్రిత్వ శాఖను ఏర్పరచి మన పి.వి. నరసింహారావు గారికి ఇచ్చినప్పుడు సంస్కృతి అందులో ఒక విభాగమైంది. 1999 అక్టోబరులో అక్కడి నుంచి బయటికి వచ్చి యువజన వ్యవహారాలు, క్రీడలతో జతకట్టింది. ఆ తర్వాత జగ్‌మోహన్ మంత్రిగా ఉన్న కాలంలో పర్యాటకంతో కలిసి ఉంది. 2004లో పర్యాటకం నుంచి విడిపోయింది. ఆ విడిపోయిన రెండూ తెలుగువారి చేతికే వచ్చాయి, సంస్కృతి జైపాల్ రెడ్డి గారికీ, పర్యాటకం రేణుకా చౌదరి గారికీ.

ఇన్ని మార్పులకూ పార్లమెంటు చట్టం ఒక్కటి కూడా అక్కర్లేదన్నది పరీక్షకు పనికొచ్చే విషయం. రాజ్యాంగం 77వ అధికరణం మూడో ఖండం కింద కార్య విభజన నియమాలున్నాయి, ఇప్పుడు అమల్లో ఉన్నవి 1961 నాటివి. వాటిని రాష్ట్రపతి పేరిట ఒక ఉత్తర్వుతో సవరిస్తే చాలు, మంత్రిత్వ శాఖ పుడుతుంది, పోతుంది.

చిట్టడవి
అంటే సంస్కృతి ఇన్నాళ్లూ అద్దె ఇళ్లలోనే కాపురం చేసిందన్నమాట.

గోదారిగట్టు
పాతదస్త్రం గారు తేదీలు చక్కగా అప్పజెప్పారు గాని, మాష్టారు అడిగిన అసలు ప్రశ్నను పక్కన పెట్టేశారు. విడదీసినందువల్ల ఒరిగిందేమీ లేదన్నది నా అభిప్రాయం, దానికి నాగార్జునకొండే సాక్ష్యం. సాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరులో నెహ్రూ శంకుస్థాపన చేసేనాటికే పురావస్తు సర్వేక్షణ వారు ఆ లోయలో పని మొదలుపెట్టి ఉన్నారు. ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో 1954 నుంచి 1960 వరకు తవ్వి, నీళ్లలో మునిగిపోబోయే ఇక్ష్వాకుల కాలపు కట్టడాల్లో కొన్నింటిని కొండ మీదికీ, సాగర్ ఒడ్డునున్న అనుపుకూ తరలించి మళ్లీ నిలబెట్టారు. ఇవాళ మనం లాంచీ ఎక్కి వెళ్లి చూసే మ్యూజియం ఆ శ్రమ ఫలమే. ఆ పని నడుస్తుండగానే 1958లో ఢిల్లీలో మంత్రిత్వ శాఖ బోర్డు మారింది. లోయలో ఒక్క గడ్డపార అయినా ఆగిందా, ఒక్కటైనా అదనంగా దిగిందా? సంగీత నాటక అకాడమీ 1953లో, సాహిత్య అకాడమీ, లలిత కళా అకాడమీ 1954లో ప్రారంభమైనప్పుడు విడి మంత్రిత్వ శాఖ అన్నదే లేదు. చదువుకూ కళకూ మధ్య గోడ కట్టనవసరం లేదని నమ్మిన మనిషి పునాదులన్నీ వేసి వెళ్లాడు, తర్వాతివాళ్లు ఆ గోడ కట్టుకుంటూ పోయారు.

పాతదస్త్రం
గోదారిగట్టు గారూ, నాగార్జునకొండ పని మధ్యలో మంత్రిత్వ శాఖ మారినా ఆగలేదని మీరే అంటున్నారు కాబట్టి, విడదీయడం వల్ల నష్టం లేదని కూడా మీరే ఒప్పుకున్నట్టయింది. లాభం సంగతి నేను చెబుతాను. 1958లోనే ప్రాచీన కట్టడాల, పురావస్తు ప్రదేశాల చట్టం వచ్చింది. 1959లో జాతీయ నాటక పాఠశాల వచ్చింది. 1961లో హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియాన్ని పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించారు. ఈ మూడూ ఆ మంత్రిత్వ శాఖ ఉన్న అయిదారేళ్లలో జరిగినవే. విద్యతో కలిపి ఉంచితే ఏమవుతుందో గుమాస్తాగిరీ చేసిన ఎవరినైనా అడగండి. బడులు, కాలేజీలు, ఉపకార వేతనాల దస్త్రాల కట్టలు బల్ల మీద ఉంటాయి, శాసనాల మీదా తాళపత్రాల మీదా వచ్చిన దస్త్రం ఆ కట్టలకు అడుగున ఉంటుంది.

ఓరుగల్లుతోరణం
మన కిషన్ రెడ్డి గారు సంస్కృతి మంత్రి అయ్యాకే 2021లో రామప్పకు ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. విడి మంత్రిత్వ శాఖ, అందులోనూ మన మనిషి ఉంటే ఏమవుతుందో దీన్నిబట్టి తెలియడం లేదా?

గోదారిగట్టు
ఆయన బాధ్యతలు తీసుకున్నది 2021 జూలై 7న, గుర్తింపు వచ్చింది అదే జూలై 25న. పద్దెనిమిది రోజుల్లో యునెస్కో దస్త్రం తయారు కాదు తమ్ముడూ, అది అంతకు ముందు ఎందరో ఏళ్ల తరబడి చేసిన పని.

నల్లబల్ల
ఒక్క మాట. మన తెలుగులో విభాగాన్నీ శాఖ అంటున్నాం, మంత్రిత్వాన్నీ శాఖ అంటున్నాం, రాష్ట్రంలో ఉన్న సాంస్కృతిక శాఖనూ శాఖ అనే అంటున్నాం. మా అమ్మాయి గైడ్లలో 1985 అని రాసినవారు విభాగాన్ని చూసి, 1999 అని రాసినవారు మంత్రిత్వ శాఖను చూసి రాశారేమో.

పాతదస్త్రం
సరిగ్గా పట్టుకున్నారు మాష్టారూ, తగాదాలో సగం ఆ మాట వల్లే వస్తోంది. విభాగానికి కార్యదర్శి ఉంటాడు, మంత్రిత్వ శాఖకు మంత్రి ఉంటాడు. 1985లో సంస్కృతికి కార్యదర్శి ఉన్నాడు గాని, మంత్రి మాత్రం విద్యనూ క్రీడలనూ కూడా చూడవలసినవాడు. కాబట్టి 1985 తప్పు.

తంబుర
మూడు రోజులుగా చదువుతున్నాను. ఇప్పుడైనా ఒక మాట చెప్పకపోతే లాభం లేదనిపించింది. మా తాతగారు హరికథా భాగవతులు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఆయన చిడతల చప్పుడు వినని ఊరు తక్కువ. డెబ్బయ్యో ఏట గొంతు పోయాక, పేద కళాకారులకు ఇచ్చే సాయం కోసం ఒక ప్రభుత్వ కార్యాలయానికి దరఖాస్తు పెట్టారు. అది ఢిల్లీలో ఉందా మన దగ్గరే ఉందా అన్నది కూడా నేను రాయను. పద్నాలుగు నెలలకు జవాబు వచ్చింది. కాగితం పైన అచ్చయి ఉన్న పాత పేరును నీలం సిరాతో అడ్డంగా కొట్టేసి, పక్కన ఊదారంగు రబ్బరు ముద్రతో కొత్త పేరు వేశారు. ఆ పని తమ పరిధిలో లేదనీ, సంబంధిత కార్యాలయానికి మళ్లీ రాసుకోవాలనీ రెండు వాక్యాలు ఉన్నాయి. సంబంధిత కార్యాలయం ఏదో లేదు. ఆ ఉత్తరాన్ని మా అమ్మమ్మ చిడతలతో పాటు ట్రంకు పెట్టెలో దాచింది. మీరిద్దరూ పుట్టిన తేదీ కోసం కొట్లాడుకుంటున్న ఈ శాఖల మార్పులు మా ఇంట్లో ఆ రబ్బరు ముద్ర రూపంలో ఉన్నాయి.

చిట్టడవి
చదివితే మనసు పాడైంది తల్లీ.

గోదారిగట్టు
తంబుర గారి అనుభవమే నా వాదన. ఒకే పనిని పది చోట్ల ముక్కలు చేస్తే ఇలాగే అవుతుంది. భారత సాంస్కృతిక సంబంధాల మండలిని ఆజాద్ 1950లో స్థాపిస్తే, 1970లో దాన్ని విదేశాంగానికి ఇచ్చేశారు. సాహిత్య అకాడమీ సంస్కృతిలో ఉంటుంది, నేషనల్ బుక్ ట్రస్ట్ విద్యలో ఉంటుంది. ఒక తెలుగు నవల ఒక భవనంలో సంస్కృతి అవుతుంది, ఇంకో భవనంలో చదువు అవుతుంది. మన శాస్త్రీయ సంగీతానికీ నాటకానికీ విజయవాడ ఆకాశవాణి చేసినంత సేవ ఏ మంత్రిత్వ శాఖ చేసింది? అది సమాచార ప్రసారాల కింద ఉంది. తెలుగుకు 2008 అక్టోబరు 31న ప్రాచీన భాష హోదా ఇచ్చింది సంస్కృతి మంత్రిత్వ శాఖ, ఆ హోదాకు తగ్గ కేంద్రం పెట్టవలసి వస్తే అది మైసూరులోని భారతీయ భాషల సంస్థ కిందికి, అంటే విద్య కిందికి వెళ్లింది, అక్కడి నుంచి నెల్లూరు జిల్లాకు రావడానికి పదేళ్లు దాటింది. అన్నీ విద్యలోనే ఉండి ఉంటే అంతకాలం పట్టేదా?

పాతదస్త్రం
కేంద్రం విద్య కింద ఉన్నందువల్లే కదా ఆలస్యమైంది! హోదా ఇచ్చిన సంస్కృతికే ఆ కేంద్రాన్నీ ఇచ్చి ఉంటే అంతకాలం పట్టేది కాదని నేను అంటాను. అయినా సంస్కృతిని విద్యలో కలిపితే ఏమవుతుందో మనవాళ్లు చేసి చూపించారు. 1983లో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం రాష్ట్ర సాహిత్య, సంగీత నాటక, లలిత కళా అకాడమీలను రద్దు చేసింది. 1985 డిసెంబరు 2న తెలుగు విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు వాటి పనులన్నీ అందులోకి చేరాయి. అంటే ఢిల్లీలో పి.వి. గారి చేతికి కొత్త మంత్రిత్వ శాఖ వచ్చిన రెండు నెలలకే హైదరాబాదులోనూ సంస్కృతి విద్యలో చేరిపోయింది. మీరు కోరుకున్నదంతా జరిగింది. మరి రాష్ట్ర సాహిత్య అకాడమీ ఏదని అడిగితే ఇప్పుడు ఏం చెబుతారు?

గోదారిగట్టు
రద్దు చేయడాన్ని కలపడమని రాయడం మీకే చెల్లింది. ఇల్లు కూల్చి, ఇటుకలు పక్కింటి గోడలో వాడుకున్నారని చెప్పి, ఇదే మీరు కోరిన ఉమ్మడి కుటుంబమని నన్ను ఎద్దేవా చేస్తారా? మీకు పేరూ తేదీ, ఉత్తర్వు సంఖ్య ఉంటే చాలు. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది?

పాతదస్త్రం
అవును, గుమాస్తానే. నా సర్వీసులో నేను కూర్చున్న గది తలుపు మీద బోర్డు నాలుగు సార్లు మారింది. లోపల బల్లా నేనూ రిజిస్టరూ మారలేదు. బోర్డు మారిన ప్రతిసారీ ఏ పని మాది, ఏ పని మాది కాదు అన్న జాబితాను ఎవరో ఒకరు కూర్చుని రాసేవారు. ఆ జాబితాలో పడని పని ఇక ఎవరిదీ కాకుండా పోయేది. అందుకే పేరూ తేదీ పట్టుకుని వేలాడుతున్నాను. తంబుర గారి తాతగారి దరఖాస్తు అలాంటి జాబితాలోంచి జారిపోయిందని నాకు చదవగానే తెలిసింది.

ఇక మీ సంగతి. మీ కోపం విడి మంత్రిత్వ శాఖ మీద కాదండి, పర్యాటకం మీద. ఒప్పుకోండి.

గోదారిగట్టు
ఒప్పుకుంటాను, అందులో దాచేదేముంది? విద్యలో ఉన్నప్పుడు అమరావతి స్తూపం పిల్లలకు చెప్పవలసిన పాఠం. పర్యాటకం పక్కన చేరాక అది టికెట్టు. 1999 తర్వాత ఈ రెండు శాఖలనూ ఎన్నిసార్లు ఒకే మంత్రికి ఇచ్చారో చూడండి. జగ్‌మోహన్, అంబికా సోనీ, కిషన్ రెడ్డి, ఇప్పుడు షెఖావత్. పేరుకు రెండు మంత్రిత్వ శాఖలైనా ఒకే మనిషి పొద్దున హోటళ్ల గురించీ మధ్యాహ్నం శాసనాల గురించీ ఆలోచిస్తే, ఏది దేనికి లోబడుతుందో చెప్పనక్కర్లేదు. 2009 నుంచి ఒకటిన్నర ఏడాదికి పైగా ప్రధాని మన్మోహన్ సింగ్ గారే దాన్ని తన దగ్గర అట్టేపెట్టుకున్నారు. ఎవరికి ఇచ్చినా ఒకటేనన్నట్టు చూసే శాఖకు విడి ఉనికి ఎందుకు?

పాతదస్త్రం
అందుకే విడిగా ఉండాలి. విద్యకు తోకగా ఉన్నా, పర్యాటకానికి తోకగా ఉన్నా తోక తోకే. తనకంటూ ఒక మంత్రి ఉంటేనే మంత్రివర్గంలో పర్యాటకంతో పోట్లాడగలదు.

తంబుర
మీరిద్దరూ ఇప్పటికి అసలు విషయానికి వచ్చారు గాని, ఇప్పటికీ రాళ్ల గురించే మాట్లాడుతున్నారు. ఒకరికి స్తూపం పాఠం, ఒకరికి స్తూపం దస్త్రం. పాడేవాడు, ఆడేవాడు ఏ జాబితాలో ఉన్నాడు?

పాతదస్త్రం
అమ్మా, నిజం చెబితే బాధపడతారు. జాతీయ ప్రాముఖ్యం గల కట్టడాలు రాజ్యాంగం కేంద్ర జాబితాలో 67వ అంశం. మిగతా పురావస్తు ప్రదేశాలు ఉమ్మడి జాబితాలో 40వ అంశం. నాటకశాలలు, నాటక ప్రదర్శనలు, సినిమాలు, ఆటలు, వినోదాలు అన్నీ కలిపి రాష్ట్ర జాబితాలో 33వ అంశం. హరికథకు విడిగా చోటు లేదు, చూపించవలసి వస్తే అక్కడే చూపించాలి. కేంద్రం కళాకారులకు ఇచ్చేది పథకం కింద ఇచ్చేదే గాని, చేసి తీరాలన్న బాధ్యత కింద ఇచ్చేది కాదు.

తంబుర
ఆటలకూ వినోదాలకూ పక్కన. రాత్రంతా రుక్మిణీ కల్యాణం చెప్పి తెల్లవారి కాలువలో స్నానం చేసి సంధ్య వార్చుకునే మనిషి.

ఓరుగల్లుతోరణం
అక్కా, దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రం తంజావూరులో ఉంది. మన రెండు రాష్ట్రాలూ అందులోనూ, నాగ్‌పూర్ కేంద్రంలోనూ సభ్యులే. వాళ్లు కళాకారులను పిలిచి ప్రదర్శనలు ఇప్పిస్తారు కదా?

తంబుర
పిలుస్తారు తమ్ముడూ, పాడగలిగినవాళ్లను. గొంతు పోయినవాణ్ణి ఎందుకు పిలుస్తారు?

గోదారిగట్టు
తంబుర గారు చెప్పింది నేను కాదనలేను. కాని ఆ భాగవతార్లను బడికి పిలిచి పిల్లలకు నేర్పించమని చెప్పగల శాఖ విద్య ఒక్కటే. నేను నా మాట మార్చుకోను.

నల్లబల్ల
మా అమ్మాయికి ఏ సంవత్సరం చెప్పమంటారు?

పాతదస్త్రం
విడిగా, ఇప్పటి రూపంలో అని అడిగితే 2004. మానవ వనరుల నుంచి బయటికి వచ్చింది ఎప్పుడంటే 1999. ప్రశ్న సరిగ్గా అడగకపోతే నేను మాత్రం 1958కే కట్టుబడి ఉంటాను.

తంబుర గారూ, ఆ ఉత్తరం మీద ఎడమవైపు పైన ఒక సంఖ్యా, దాని పక్కన తేదీ ఉంటాయి. ఇక్కడ పెట్టవద్దు, నాకు విడిగా పంపండి. ముద్ర కింద ఏ పేరు కొట్టేశారో, తేదీ ఏమిటో తెలిస్తే ఆ దరఖాస్తు ఏ కార్యాలయానికి పోవలసిందో నేను చెప్పగలను.

తంబుర
తాతగారు పోయి పదకొండేళ్లయింది.

పాతదస్త్రం
తెలుసమ్మా. అయినా పంపండి.

తంబుర
ట్రంకు పెట్టె మా పిన్ని వాళ్లింట్లో రేపల్లెలో ఉంది. ఆదివారం వెళ్లినప్పుడు చూస్తాను.