అప్‌డేట్: సదస్సులో మనుషుల్ని వెతికిపెట్టే స్క్రీన్ ఏమైందంటే

బెజవాడలో మిర్చి, మసాలా వ్యాపారుల సదస్సుకి వచ్చేవాళ్లు తమకు కావలసిన మనిషిని చూసి ఎంచుకునేలా స్క్రీన్ ఎలా చేయాలని అడిగాను కదా. సదస్సు అయిపోయింది.

మనుషుల్ని చుక్కలుగా, వాళ్ల మధ్య సంబంధాల్ని గీతలుగా చూపే నెట్‌వర్క్ బొమ్మ వేయమన్న సలహా పక్కన పెట్టాను. జనం వందల్లో ఉంటే గీతలన్నీ చిక్కుపడ్డ దారపు ఉండలా అవుతాయి, ఫోన్‌లో వేలు పెట్టడానికే చోటుండదు. ముందు మొత్తం చూపించాలి, తర్వాత దగ్గరికి తెచ్చి వడపోయనివ్వాలి, అడిగితేనే వివరాలివ్వాలి అని కంప్యూటర్ శాస్త్రవేత్త బెన్ ష్నైడర్మన్ 1996లో చెప్పిన వరసే పట్టుకున్నాను.

మొదట ఫొటోల గళ్లు. పైన రెండే బటన్లు: ‘అమ్ముతాను’, ‘కొంటాను’. హోదాల కంటే ఇవే అక్కరకొచ్చాయి. ఫొటో నొక్కితే ‘గుంటూరు, తేజ రకం, కోల్డ్ స్టోరేజీ ఉంది’ అన్నంత వరకే. ఫోన్ నంబరు అవతలివాళ్లు సరేనంటేనే కనిపిస్తుంది. ఈ సంగతి చెప్పినవాళ్లకి థాంక్స్, లేకపోతే నాకు అదో టెన్షన్.

ఫొటో ఇవ్వనివాళ్లకి పేరులో మొదటి అక్షరం వేస్తే వరసగా అన్నీ ‘శ్రీ’లే! (మన పేర్లు అలాంటివి మరి.) దానికింద ఊరి పేరు పెట్టాక గుర్తుపట్టారు.

నేను ఊహించనిది టీ టేబుల్ పక్కన పెట్టిన పెద్ద టచ్ స్క్రీన్. ఒకాయన గళ్లు జరుపుతుంటే వెనకనుంచి ఇంకొకాయన “ఆగండాగండి, ఈయన మా తెనాలాయనే!” అన్నారు. ఇద్దరూ అక్కడే మాటల్లో పడ్డారు, స్క్రీన్ సంగతే మర్చిపోయారు.

ఇంకా తేలనిది ఒకటే. తెలుగులో టైప్ చేస్తే ఇంగ్లీషులో నమోదైన పేరు దొరకట్లేదు. దీనికి దారి తెలిస్తే చెప్పండి.