“ఎవ్వరికీ చెప్పనని ఒట్టెయ్యి” అంటే ఒట్టెయ్యాల్నా?

దేవరకొండ రోడ్డు:
హాస్టల్ల ఉండే 13 ఏండ్ల పిల్ల టీచరమ్మ దగ్గరికొచ్చి “ఎవ్వరికి చెప్పనంటేనే చెప్త” అంటది. ఒంటి మీద ఎవరో చెయ్యేసిన సంగతే అని మొకం చూస్తేనే తెలుస్తది. ఒట్టెయ్యాల్నా, వద్దా?

పాలమూరు పంతులు:
వెయ్యాలె. అమ్మానాయిన బొంబాయికి వలసపోతే ముసలవ్వ దగ్గర ఉండే పిల్ల అది. “చట్టం” అన్న మాట చెవిన పడితే “ఏం లే మేడం, ఊకెనే అన్న” అని లేచిపోతది. మళ్ల రాదు.

కోర్టు మెట్లు:
పంతులు గారు, ఆ ఒట్టు మీరు నిలబెట్టుకోలేరు. పిల్లల మీద లైంగిక నేరాలను అడ్డుకునే పోక్సో చట్టం (2012) 19వ సెక్షన్ ప్రకారం 18 ఏండ్ల లోపు పిల్లల సంగతి తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలె. దాస్తే 21వ సెక్షన్ కింద 6 నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఒట్టేసి తప్పితే పిల్ల ఇంకెవర్నీ నమ్మదు. “నీకు సాయం కావాలంటే ఒకరిద్దరికి చెప్పాల్సొస్తది. ఎవరికి చెప్పినా ముందు నీకు చెప్పే పోత” అనండి. అబద్ధం లేని మాట ఇదే.

ఏఎన్ఎం అక్క:
ఒట్టు దగ్గర కొట్లాడుతున్నరు గానీ అసలు చెడేది తర్వాత అడిగే ప్రశ్నల దగ్గర. “అప్పుడే ఎందుకు చెప్పలే?”, “ఆడికెందుకు పోయినవ్?” అన్నారంటే ఆ నోరు మూతపడ్డట్టే. “నమ్ముతున్న బిడ్డా, నీ తప్పేం లేదు” అనండి, ఊరుకోండి. “ఏమైంది?” అని ఒక్కసారి అడగొచ్చు. “ఫలానాయనేనా?” అని పేరు మాత్రం మీరు అందియ్యొద్దు, రేపు కోర్టుల అవతలి వకీలు దాన్నే పట్టుకుంటడు. ఆమె అన్న మాటలు అన్నట్టే తారీకు, టైం వేసి రాసిపెట్టండి.

జరిగి 72 గంటలు దాటకముందే ఆసుపత్రికి పోవాలె. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందు ఎంత తొందరగా మొదలైతే అంత మేలు, 28 రోజులు వాడాలె. ఆనాటి బట్టలు ఉతకొద్దు, కాయితం సంచిల పెట్టండి. ప్లాస్టిక్ కవర్ల తేమకు బూజు పట్టి నమూనా పాడైతది. స్నానం చేసిందని, 72 గంటలు దాటినయని ఆగకండి, అయినా పోవాల్సిందే.

పాలమూరు పంతులు:
సరే, ఒట్టు మాట వెనక్కి తీసుకుంటున్న. స్టేషన్‌కు పోతే మాత్రం ఊరంతా తెల్వదా?

కోర్టు మెట్లు:
పిల్లను స్టేషన్‌కు తోల్కపోవాల్సిన అవసరమే లేదు. పోక్సో 24వ సెక్షన్ చూడండి: ఇంటి దగ్గరో, ఆమెకు ఇష్టమున్న చోటో, పోలీసులే యూనిఫాం లేకుండా వచ్చి ఆమె చెప్పింది రాసుకోవాలె, వీలైనంత మటుకు మహిళా ఎస్సైనే. రాత్రి స్టేషన్ల ఉంచొద్దు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసినా కేసు కదులుతది. నల్గొండలో, మహబూబ్‌నగర్‌లో ఇట్లాంటి బాధితులకు సాయం చేసే భరోసా కేంద్రాలు, సఖి కేంద్రాలు ఉన్నయి. అత్యాచారం కేసుల బాధితురాలి పేరు ఊరి వాట్సాప్ గ్రూపుల పెట్టినోడికి 2 ఏండ్ల దాకా జైలు, భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 72వ సెక్షన్.

18 దాటినామె అయితే లెక్క వేరు. కేసు పెట్టు పెట్టు అని మనం ఒత్తిడి చెయ్యొద్దు, నిర్ణయం ఆమెది. చికిత్స మాత్రం ప్రైవేటు ఆసుపత్రైనా ఉచితంగా చెయ్యాల్సిందే.

దేవరకొండ రోడ్డు:
చేసింది సొంత బాబాయో, హాస్టల్ల పనిచేసేటాయనో అయితే?

ఏఎన్ఎం అక్క:
అయితే ఇంటోళ్లకో పై సార్‌కో చెప్పి ఆగొద్దు. పెద్దమనుషులను కూసోబెట్టి రాజీ అస్సలొద్దు. 1098కి మీ చేతులతోనే ఫోన్ చెయ్యండి. పిల్ల మీ ముందు నుంచి లేవకముందే ఒక్కటి అడగండి: “ఇయ్యాల రాత్రి యాడ పంటవ్? ఆడ ఆయన ఉంటడా?”