సైన్యాన్ని బయటి దేశానికి పంపేముందు లోక్‌సభలో ఓటింగ్ ఉండాలా?

టీనగర్ మూర్తి:
శ్రీలంక శాంతి సేన మాటెత్తితే మన చెన్నైలో ఇప్పటికీ వాదన మొదలవుతుంది. 1987 జులై 29న కొలంబోలో మన ప్రధాని రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనె ఒప్పందం చేసుకున్నారు. దాని ప్రకారం శాంతి కాపాడటానికి మన సైన్యం అక్కడికెళ్లింది. అక్టోబరు కల్లా అదే సైన్యం ప్రత్యేక తమిళ దేశం కోసం పోరాడే ఎల్టీటీఈతో యుద్ధంలో ఉంది. 1990 మార్చిలో వెనక్కి వచ్చేలోపు దాదాపు 1,200 మంది జవాన్లు పోయారు. బాధ్యులెవరంటే ఒకరు ప్రధాని అంటారు, ఒకరు నిఘా వర్గాలంటారు. అందుకే లోక్‌సభలో ఓటింగ్ జరగాలంటాను. ఎవరు సరేనన్నారో పేర్లతో సహా రికార్డులో ఉండాలి.

పెరంబూర్ రావు:
శత్రువు మీదికొస్తే సభ పెట్టుకుని కూర్చుంటామా, మూర్తి గారూ? 75వ అధికరణ ప్రకారం మంత్రివర్గమంతా లోక్‌సభకు జవాబుదారీ. 1989లో జనం రాజీవ్‌ను దించేశారు కదా!

టీనగర్ మూర్తి:
ఆ ఎన్నికల్లో జనం నోట నానింది బోఫోర్స్ ఫిరంగుల ముడుపుల గొడవ, మన సేన పోరాడిన జాఫ్నా కాదు. దాడిని తిప్పికొట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ ఇక్కడ ఒప్పందానికీ పోరుకూ మధ్య రెండు నెలలకు పైగా ఉంది. శాంతి కాపాడటానికి వెళ్లిన సేన ఆయుధాలు లాక్కునే సేనగా మారింది. అసలు నిర్ణయం అదే. అక్టోబరు 11 రాత్రి జాఫ్నా యూనివర్సిటీలో దిగిన 30 మంది సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ జవాన్లలో 29 మంది చనిపోయారండీ! కార్గిల్ మీద సుబ్రహ్మణ్యం కమిటీ వేశారు, నివేదిక 2000లో పార్లమెంటు ముందుకొచ్చింది. వీళ్లకు అదీ లేదు.

అడయార్ శారద:
ఓటింగ్ పెడితే తప్పు జరగదా? 2003లో బ్రిటన్ సభ 412–149తో ఇరాక్ యుద్ధానికి సరేనంది. దాని మీద విచారణ జరిపిన చిల్కాట్ నివేదిక 2016కి గానీ రాలేదు. ఇక 1987లో రాజీవ్‌కు నాలుగొందలకు పైగా సీట్లు. విప్‌ను, అంటే ఇలాగే ఓటెయ్యాలన్న పార్టీ ఆదేశాన్ని, ధిక్కరిస్తే ఫిరాయింపుల చట్టం కింద సభ్యత్వమే పోతుంది. కాదనేదెవరు?

టీనగర్ మూర్తి:
అదే బ్రిటన్ సభ 2013లో సిరియా మీద దాడి వద్దని 285–272తో తేల్చింది, ప్రధాని కామెరాన్ ఆగిపోయారు. అయితే విప్ గురించి మీరన్నది గట్టి మాట, శారద గారూ. ఇలాంటి ఓటింగ్‌కు విప్ ఉండకూడదని చట్టంలోనే రాయాలి. లేకపోతే నేనడిగే ఓటుకు విలువ లేదు.

పెరంబూర్ రావు:
విప్ తీసేస్తే తమిళనాడు ఎంపీలు ఒకలా, ఉత్తరాది ఎంపీలు ఇంకోలా ఓటేస్తారు. తిరిగొచ్చిన సేనకు మద్రాసులో స్వాగతం చెప్పడానికి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు, గుర్తుందా? సభే రెండుగా చీలితే జవాను ఏమనుకోవాలి?

టీనగర్ మూర్తి:
చీలిక ఉండనే ఉంది రావు గారూ, సేన తిరిగొచ్చిన రోజున అందరికీ కనబడింది. పంపకముందే సభలో కనబడి ఉంటే, పంపాలా వద్దా అని ఇంకోసారి ఆలోచించేవాళ్లు.